నాయిన జేబులో రెండు కార్డులు

మా నాయిన అంగీ జేబులో రెండు కార్డులు ఉండేవి. ఒకటి ఆయన సొంత ఖాతాది, డెబిట్ కార్డు. రెండోది నేనిచ్చిన క్రెడిట్ కార్డు. ఆ రెండింటికీ తేడా ఏమిటో ఆయనకు విడమరిచి చెప్పింది నేనే. బడిలో లెక్కలు చెప్పుకుని బతికేదాన్ని, ఎంత మొద్దు బుర్రకైనా ఎక్కించగలనని నాకు పొగరు. ఆ రోజు నేను చెప్పింది మా నాయినకు బాగా ఎక్కింది. అంత బాగా ఎక్కకుండా ఉంటే మా అమ్మ ఇవాళ మాట్లాడుతూ ఉండేదేమో.

మాది ఆత్మకూరు దగ్గర పల్లె. గొర్ల మీద బతికిన ఇల్లు. ఎండాకాలం నాయిన మందను తోలుకుని కృష్ణ ఒడ్డు దాకా పోయేవాడు, వానలు పడితే తిరిగొచ్చేవాడు. ఇంటి దగ్గర దొడ్డి, ఈనిన గొర్లు, పిల్లలు అన్నీ అమ్మే చూసుకునేది. అమ్మ నోరు ఊళ్లో పేరుమోసింది. గొర్రెను తిట్టినా మొగుణ్ని తిట్టినా ఒకటే గొంతు. పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరితో మాట్లాడాలి, ఎవరూ లేకపోతే పొయ్యితోనైనా మాట్లాడాలి. “మీ అమ్మ నిద్రల గూడ ఎవనికో జవాబు చెప్తది” అని నాయిన నవ్వేవాడు. మా బడిలో నాకు నోరెక్కువంటారు. అది ఎక్కడి నుంచి వచ్చిందో మా ఊరివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నా ఉద్యోగం కట్టంగూరు బడిలో, కాపురం నల్లగొండలో. అక్కడి నుంచి మా ఊరికి పోవాలంటే మూడు బస్సులు మారాలి, పొద్దంతా దారికే సరిపోతుంది. నెలకోసారి పోతే గొప్ప.

నాయినకు డెబిట్ కార్డు నోట్లు రద్దయిన ఏడాది వచ్చింది. అంతకు ముందు పొట్టేళ్లు అమ్మిన పైసలు జొన్నల కుండలో ఉండేవి. వాటిని మార్చుకోవడానికి మూడు రోజులు బ్యాంకు ముందు నిలబడ్డాడు. చివరికి ఖాతా తెరిచారు, తర్వాత కార్డు ఇచ్చారు. మొదట్లో ఏటీఎం లోపలికి పోతే ఊరికే వెనక్కి తిరిగి చూసుకునేవాడు. ఆరు నెలలు తిరిగేసరికి ఊళ్లో ముసలివాళ్లకు ఆయనే నేర్పుతున్నాడు. “ఏం లేదు, దొడ్డి లెక్క. మనం తోలినయే లోపల ఉంటయి. మనం తోలకపోతే తీసెతందుకు ఏముంటది?” అనేవాడట. డెబిట్ కార్డు గురించి నేను కూడా ఇంతకంటే బాగా చెప్పలేను.

క్రెడిట్ కార్డు నా దగ్గరికి నడిచి వచ్చింది. ఒక బ్యాంకు తరఫున ఒకామె మా స్టాఫ్ రూములో కూర్చుని, అందరి జీతం కాగితాలు చూసి, అందరికీ రాసుకుని పోయింది. దాంతో నేను ఫ్రిజ్ కొన్నాను, మా ఆయనకు కళ్లద్దాలు కొన్నాను, గడువు తప్పకుండా కట్టుకుంటూ వచ్చాను. ఇంట్లోవాళ్ల కోసం ఇంకో కార్డు ఊరికే ఇస్తామంటే నాయిన పేరు రాయించాను. దూరంలో ఉన్న బిడ్డ ఏదో ఒకటి చేసిందని అనిపించుకోవాలి కదా.

దాన్ని నా చేత్తోనే ఆయన జేబులో పెట్టి, నాలుగు అంకెలూ కంఠస్థం చేయించాను. “ఆపదకు ఉంటది నాయినా. పైసల్లేవని యాడా ఆగకు” అన్నాను. ఆ మాట అన్నట్టు నాకు బాగా గుర్తు. తర్వాత నేనన్న మాటల కింద అది ఎట్లా పూడిపోయిందో కూడా గుర్తే.

మరుసటి ఎండాకాలం మేత దొరకలేదు. పల్లికాయ పీకిన చేలను మేతకు కిరాయికి పట్టాలి, దానికి రొక్కం కావాలి. నాయిన ఏటీఎంలో తన కార్డు పెట్టాడు, కొన్ని వచ్చాయి. నా కార్డు పెట్టాడు, ఇంకొన్ని వచ్చాయి. అదే మిషను, అవే నోట్లు. బిడ్డ ఏదో వేసి పెట్టిందనుకుని ఆ నెలలో నాలుగు సార్లు తీశాడు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. క్రెడిట్ కార్డుతో దుకాణంలో సామాను కొంటే ముందు బ్యాంకు కడుతుంది, మనం గడువులోగా మొత్తం తిరిగి కట్టేస్తే ఒక్క పైసా ఎక్కువ పడదు. అదే కార్డుతో రొక్కం తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ, పైన రుసుము. డెబిట్ కార్డుకు ఈ తంటా లేదు, ఉన్నది మనదే. నాకు బిల్లు వచ్చింది. కోపం నాకు ముక్కు మీదనే ఉంటుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తినట్టు నడి బజారులో నిలబడి ఫోనులో నాయిన మీద అరిచాను. ఆయన “అవునా బిడ్డా, అవునా” అంటూనే ఉన్నాడు.

శనివారం బస్సెక్కి ఊరికి పోయాను. నేను చెప్పులు విడవకముందే నాయిన ఒక గుడ్డ మూట తెచ్చి విప్పాడు. ఏటీఎం ఇచ్చిన చీటీలన్నీ అందులో ఉన్నాయి, ఒక్కటి పోలేదు.

గొర్లు కాసేవాళ్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. మందలో అన్నీ మనవే ఉండవు. కొన్ని పాలుకు తెచ్చినవి ఉంటాయి. అంటే గొర్రె ఇంకొక ఆసామిది, మేపేది మనం, పుట్టిన పిల్లల్లో సగం మనకు. అన్నీ కలిసే మేస్తాయి, కానీ ఆసామి గొర్రెకు ఆయన గుర్తుగా చెవికి కోత ఉంటుంది. అది రోగమొచ్చి చస్తే ఆ చెవి కోసి, ఎండబెట్టి, ఆసామి వచ్చినప్పుడు చూపించాలి. చచ్చిందే గానీ మేం అమ్ముకోలేదని రుజువన్నమాట. నాయిన ఆ చీటీలను అట్లా దాచి పెట్టాడు. కడుపున పుట్టిన బిడ్డ లెక్క అడుగుతుందని భయపడ్డాడు. అది చూసి నా మనసు కరగాల్సింది. కరగలేదు. పాఠానికి ఒక మంచి ఉదాహరణ దొరికిందనుకున్నాను, అంతే.

“నాయినా, జర విను” అని మొదలుపెట్టాను. “నీ కార్డు నీ సొంత మంద. అమ్ముకో, కోసుకో, అడిగేటోడు లేడు. గీ కార్డు పాలుకు తెచ్చిన మంద. దొడ్డి మనదే, గొర్రె మనది గాదు. బ్యాంకోడు ఆసామి. సమజైందా?”

నాయిన ముఖం మారిపోయింది. “అంటే నేను ఆసామి గొర్రెనమ్ముకున్ననా?”

“గంతే. అమ్ముకున్నవ్.”

మా వాళ్లలో దీన్ని మించిన తిట్టు లేదు. ఆసామి గొర్రెను అమ్ముకున్నాడని ఒకసారి పేరొస్తే ఆ ఇంటికి ఇంకెవరూ గొర్లివ్వరు, పిల్లనివ్వడానికి కూడా వెనకాడతారు. అది నాకు తెలుసు. తెలిసే అన్నాను.

అమ్మ పొయ్యి దగ్గర రొట్టెలు కొడుతోంది. చేయి ఆపకుండానే అంది: “పంతులమ్మా, పానం మీదికొస్తే ఆసామి గొర్రెనన్న కోస్తరు. కోసి, పోయి చెప్పుకుంటరు. ఏ ఆసామీ కాదనడు. మనిషికంటె గొర్రెక్కువనా?”

“నువ్వు మధ్యల రాకమ్మా. నన్ను చెప్పనియ్యి.”

“చెప్పు, చెప్పు. చెప్పేటోనికి వినేటోడు లోకువ” అని అమ్మ రొట్టె తిప్పింది.

నేను ఆమె వైపు చూడను కూడా చూడలేదు. నాయిన కార్డు తీసి నా చేతిలో పెట్టబోయాడు. “ఉండనియ్యి, ఎప్పుడన్న పనికొస్తది. కానీ ముట్టుకోకు. నేను చెప్పేదాక ముట్టుకోకు” అన్నాను. ఆయన దాన్ని ఒక చిన్న కవరులో వేసి, సెల్‌ఫోన్ వెనక, జేబులో పెట్టుకున్నాడు.

రొక్కం తీయొద్దన్నది సగం పాఠమే. దవాఖానలోనో దుకాణంలోనో గీకొచ్చు, నేను కట్టుకుంటాను, ఆపదైతే నన్ను అడగక్కర్లేదు. ఇది మిగతా సగం. అది నేను చెప్పలేదు. చల్లబడ్డాక చెబుదామనుకున్నాను, తర్వాత మరిచిపోయాను. బడిలో పిల్లలు లెక్క సగం చేసి వదిలేస్తే నేను సున్నా వేస్తాను.

మూడేళ్ల కింద, పదో తరగతి పరీక్షలు నడుస్తున్న రోజుల్లో అమ్మ మంచాన పడింది. పొద్దున ఏడు గంటలకు దొడ్డి ఊడుస్తూ చీపురు జారవిడిచింది. వంగి తీసుకోబోతే చేయి రాలేదు. నాయినను పిలవబోతే మాట ముద్దముద్దగా వచ్చింది, తర్వాత అదీ ఆగిపోయింది. ఆత్మకూరులో చూసినవాళ్లు ఇది పక్షవాతం, ఆలస్యం చేయకుండా పాలమూరు తీసుకుపొమ్మన్నారు. మహబూబ్‌నగర్‌ను మేం పాలమూరనే అంటాం. అంబులెన్సులో కూర్చుని కూడా నాయిన నాకు ఫోన్ చేయలేదు. డాక్టరు చూశాక చెబుదాం, పరీక్షల పనిలో ఉన్న బిడ్డను ఇప్పుడే ఎందుకు ఆగం చేయడం అనుకున్నాడు.

తొమ్మిదింటికల్లా ఒక ప్రైవేటు దవాఖానకు చేరారు. తల ఫొటో తీశారు. రక్తం గడ్డ అడ్డుపడింది, కరిగించే ఇంజెక్షన్ ఉంది, అది పదకొండున్నర లోపల పడాలి, పడితే చేయీ మాటా తిరిగి రావచ్చు అని డాక్టరు చెప్పాడు. పదకొండున్నర దాటితే ఇవ్వకూడదని కూడా చెప్పాడు. కౌంటరులో సొమ్ము కట్టమన్నారు.

నాయిన తన డెబిట్ కార్డు ఇచ్చాడు. ఖాతాలో ఉన్నదంతా వాళ్లు గీకారు. సగానికి తక్కువే వచ్చింది.

“ఇంకో కార్డేమన్న ఉందా పెద్దాయనా?” అని అక్కడి అతను అడిగాడట.

“ఉంది సారు. గని అది మనది గాదు” అన్నాడట మా నాయిన.

ఆ మాట ఆయన నాకు ఎంతో మామూలుగా చెప్పాడు. గొప్పగా కూడా చెప్పుకోలేదు. ఎవరైనా అట్లాగే అంటారు కదా అన్నట్టు చెప్పాడు.

నాకు ఫోన్ చేశాడు. నేను పరీక్ష హాల్లో ఉన్నాను. హాలు డ్యూటీలో ఉన్నవాళ్లు పొద్దున్నే సెల్‌ఫోన్లు ఆపి ఆఫీసు గదిలో అప్పజెప్పాలి. నేను బల్లల మధ్య తిరుగుతూ, చూచిరాతలు పట్టుకుంటూ, నిక్కచ్చి టీచరునని మురిసిపోతున్న సమయంలో నాయిన నా నంబరు నొక్కుతూనే ఉన్నాడు.

తర్వాత ఆయన పాలమూరులో ఒక మాంసం దుకాణానికి పోయాడు. మా పొట్టేళ్లను ఏళ్ల తరబడి కొన్న మనిషి. పదిహేను గొర్లు రాసిస్తా, ఇప్పుడే పైసలియ్యి అని అడుగుదామని. ఆ మనిషి సంతకు పోయాడు. నాయిన దుకాణం అరుగు మీద కూర్చున్నాడు. పదింటికి కూర్చున్నవాడు పన్నెండు దాకా కూర్చున్నాడు. జేబులో కార్డు ఉంది. వచ్చినాయన బేరమాడకుండానే పైసలిచ్చాడు, పాపం మంచివాడే. నాయిన పరుగెత్తుకుంటూ దవాఖానకు వచ్చేసరికి పన్నెండున్నర. ఇక ఆ సూది వేయకూడదు, ఆ పైసలు తీసుకోవద్దని డాక్టరు కౌంటరుకు చెప్పి, నాయినను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

నేను చేరేసరికి చీకటి పడింది. నాయిన పైన అమ్మ దగ్గర ఉన్నాడు. కింద కౌంటరులో మంచానికీ మందులకూ ఇంకా ఎంత కట్టాలో అడిగి నా క్రెడిట్ కార్డు తీసి ఇచ్చాను. రెండు నిమిషాలు పట్టలేదు. మిషను చీటీ కక్కింది, సంతకం పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నాకు అప్పటికి తెలియదు. పొద్దున ఏం జరిగిందో నాయిన ఇంకా చెప్పలేదు.

అమ్మ కుడివైపు పడిపోయింది. మాట మొత్తం పోయింది. “ఆ” అనే ఒక్క శబ్దం మిగిలింది. ఆకలికీ అదే, కోపానికీ అదే. మందులు వేశాం, చేతికీ కాలికీ కసరత్తులు చేయించాం. కాలు కొంత కదిలింది, నోరు కదలలేదు. ఊరినిండా వినిపించిన గొంతు అట్లా అయిపోతే ఇల్లు ఎట్లా ఉంటుందో చెప్పడం నాకు చేతకాదు. ఇప్పుడు నాయినే మాట్లాడుతున్నాడు. నలభై ఏళ్లు వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి మాట్లాడటం ఏం వస్తుంది? వంకాయల ధర చెప్తాడు, ఏ గొర్రె ఈనిందో చెప్తాడు, ఆగిపోతాడు, ఆమె ఏదో అంటుందన్నట్టు కాసేపు చూస్తాడు, మళ్లీ వంకాయల ధర చెప్తాడు.

దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన నెలరోజులకు, దొడ్డి దగ్గర కూర్చుని ఉండగా, ఆ పొద్దు సంగతంతా నాయిన నాకు వరసగా చెప్పాడు. కౌంటరు, దుకాణం అరుగు, అన్నీ. చివరికి అన్నాడు: “దవాఖానల మీ అమ్మ నా జేబు మీద ఎడమ చేత్తోని కొట్టుడే కొట్టుడు బిడ్డా. ఒక్కతీరుగ కొట్టింది. నీకు ఫోన్ చెయ్యుమంటాందని చేసిన. మల్ల కొట్టింది. మల్ల చేసిన. నువ్వెత్తకపోతివి.”

ఫోను ఉన్న జేబే అది. ఫోను వెనక ఏముందో నాకు తెలుసు.

అమ్మ ఫోన్ చేయమనలేదు. ఆసామి గొర్రెను కొయ్యమంది. ప్రాణం మీదికి వచ్చింది ఆమెకే. పొయ్యి దగ్గర ఆ రోజు నోటితో చెప్పిన మాటనే ఈసారి చేత్తో చెప్పింది. మా ఇంట్లో ఆ రెండు కార్డుల తేడా సరిగ్గా అర్థమైంది ఆమె ఒక్కదానికే, అక్షరమ్ముక్క రాని మనిషికి. నేను మధ్యలో రావద్దన్నాను.

లేచి దొడ్డి వెనక్కి పోయి ఏడ్చాను. నాకు ఏడుపు కంటే సిగ్గు ఎక్కువైంది. చూడండి, బిల్లు మీద పడ్డ వడ్డీ ఎంతో నాకు ఇప్పటికీ గుర్తుంది. నల్లగొండలో మేం నలుగురం ఒకసారి హోటలుకు పోతే అయ్యే ఖర్చు కూడా కాదు. దాని కోసం ఆయన్ని దొంగను చేశాను. నిజం చెప్పాలా, ఆయనకు తెలివి రావాలని కాదు ఆ ఉదాహరణ చెప్పింది. నొప్పి తగలాలని చెప్పాను. తగిలింది. ఆ నొప్పి ఆయన మరిచిపోలేదు, అందుకే అరుగు మీద రెండు గంటలు కూర్చున్నాడు.

పరీక్షల డ్యూటీ వేసినప్పుడల్లా ఇప్పుడు నేను ఏదో ఒక వంక చెప్పి తప్పించుకుంటున్నాను. నెలకోసారి పోయేదాన్ని ప్రతి శనివారం పోతున్నాను. అమ్మకు తల దువ్వుతాను, బడి కబుర్లు చెప్తాను. ఏం చేసినా తిట్టే మనిషి, ఏం చేసినా తిట్టడం లేదు.

పోయిన శనివారం సంగతి ఇది. నేను రొట్టెలు కొట్టి నాయినకు వడ్డిస్తున్నాను. అమ్మ పక్కనే గోడకు ఆనుకుని కూర్చుంది. నాయిన తింటూ తింటూ అన్నాడు:

“మొన్న ఆత్మకూర్ల మందుల దుకాణంల ఒకాయన గసొంటి కార్డే గీకిండు బిడ్డా. గిది మన సొంతం కాదు గద, ఎట్ల గీకుతవని అడిగిన. రొక్కం తీస్తెనే ఫికర్, గీకితే నెల దాక వడ్డీ లేదన్నడు. నిజమేనా?”

“నిజమే నాయినా.”

ఆయన రొట్టె తుంచాడు, నోట్లో పెట్టుకోలేదు. “గట్లయితే ఆనాడు దవాఖానల గీకితే... మీ అమ్మకు సూది పడుతుండెనా?”

అడుగుతాడని నాకు మూడేళ్లుగా తెలుసు. జవాబు మాత్రం సిద్ధం చేసుకోలేదు.

“లేదు నాయినా. గంత పెద్ద సొమ్ముకు గా కార్డు నడవదు” అన్నాను.

“గట్లనా” అన్నాడు. భుజాలు కొంచెం కిందికి దిగాయి. “గంతేనంటవా. నా చేతులనే పోయిందేమో అని నాకు...” రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు.

ఆ నమలడం చూసేసరికి నాకు అంతా కక్కేయాలనిపించింది. నడిచేది నాయినా, గీకనివ్వనిది నేను, నీ చేతిలో పోలేదు, నా నోటితో పోయింది అని చెప్పేయాలనిపించింది. చెప్తే నాకు బరువు దిగుతుంది. కానీ ఆయనకు మాత్రం ఆ కార్డు తన జేబులోనే ఉండిందన్న మాట ఒక్కటే మిగులుతుంది. ఇవన్నీ అప్పుడు ఆలోచించానని కాదు, నోరు మాత్రం తెరిచాను.

“నాయినా” అన్నాను.

అమ్మ ఎడమ చేయి వచ్చి నా మణికట్టును పట్టుకుంది. పట్టుకుని నొక్కింది. అంత బలం ఆ చేతిలో మిగిలి ఉందని నాకు తెలియదు. తిరిగి చూశాను. తిట్టేటప్పుడు ఎట్లా చూసేదో అట్లాగే చూస్తోంది, కళ్లు నా ముఖం మీదే నిలిపి, తల అడ్డంగా ఊపుతోంది.

“ఏంది బిడ్డా?” అన్నాడు నాయిన.

“ఏం లేదు” అన్నాను. “ఇంకో రొట్టె వెయ్యాల్నా?”